సాన్ మారినో గెలిచిన మధ్యాహ్నం

మూగవాని నోరు తెరిచే దేవునికి స్తోత్రం. ఈ అనుభవంలో ఘనత ఏదైనా ఉంటే అది ఆయనదే.

2024 సెప్టెంబరు. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక రీహాబ్ సెంటర్‌లో నేను స్పీచ్ థెరపిస్టుని. పియెత్రో అనే పెద్దాయనకు స్ట్రోక్ వచ్చి అఫేసియా మిగిలింది. అంటే మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలంటే మాట దొరకదు. వారాల తరబడి బొమ్మల కార్డులు చూపించాను. కప్పు, తాళంచెవి, కుక్క. పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. మెరుగు ఆగిపోతే మేం ‘ప్లాటో’ అంటాం. చార్టులో ఆ మాట పడితే థెరపీ ముగిసినట్టే. ఆ తర్వాత ఆయన నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాలి. ఆ శుక్రవారం నేను అది రాయాల్సి ఉంది.

గురువారం మధ్యాహ్నం ఆయన కూతురు లిండా ఐప్యాడ్ పట్టుకొచ్చింది. వాళ్ళది సాన్ మారినో, చుట్టూ ఇటలీ ఉన్న ఒక కొండ దేశం. ఆ రోజు లిక్టన్‌స్టయిన్‌తో వాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్. ఆ జట్టు చరిత్ర ఆమే చెప్పింది. ఆటగాళ్ళలో చాలామందికి వేరే ఉద్యోగాలు. ప్రపంచ ర్యాంకుల్లో అట్టడుగు. పెద్ద దేశాలు వచ్చి గోల్స్ కుమ్మరించి పోతాయి. గెలిచింది ఒక్కసారే, 2004లో, ఇదే లిక్టన్‌స్టయిన్‌ మీద, అదీ ఫ్రెండ్లీ మ్యాచ్‌లో. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా గెలుపన్నది లేదు.

"నాన్న చూడటం మాత్రం మానలేదు" అంది.

మా చర్చి సంఘంలోనే ఉండే ఫిజికల్ థెరపిస్టు జాన్ అన్నయ్య, పెద్దాయన చచ్చుబడిన కుడిచేతికి వ్యాయామం చేయిస్తున్నాడు. నాకు మాత్రమే అర్థమయ్యేలా తెలుగులో అన్నాడు: "వీళ్ళు గెలిచేలోపు ప్రభువు రాకడ వచ్చేస్తదేమో సిస్టర్."

రెండో సగంలో సాన్ మారినో గోల్ కొట్టింది. ఇక మేమెవ్వరం అక్కణ్ణుంచి కదల్లేదు. చివరి నిమిషాల్లో పెద్దాయన మెడ నరాలు ఉబ్బాయి.

"ఫిస్కియా" అన్నాడు. మళ్ళీ, ఇంకా గట్టిగా, "ఫిస్కియా."

జాన్ అన్నయ్య గబగబా ఆయన అరచేయి పిసకసాగాడు. "పిసుకు అంటున్నాడు సిస్టర్. తెలుగు ఎప్పుడు నేర్చాడీయన?"

లిండా ఏడుస్తోంది. అది ఇటాలియన్ అని చెప్పింది. "రిఫరీని అడుగుతున్నాడు, ఇక విజిల్ ఊదెయ్యమని."

రిఫరీ ఊదాడు. 1-0.

ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటున్నారు. ఆయన కూడా అంతే. అందుకే ఆయన లోపల ఇంకో భాష కాచుకొని ఉందన్న ఆలోచన కూతురికే రాలేదు. మర్నాడు నేను ప్లాటో రాయలేదు. ఇటాలియన్ వచ్చిన ఇంటర్‌ప్రెటర్‌ని పక్కన పెట్టుకొని మొదటినుంచీ మొదలుపెట్టాను. నవంబరులో ఆ జట్టు పరాయి గడ్డ మీద మొదటిసారి గెలిచేటప్పటికి ఆయన తన ఇంట్లో, తన కుర్చీలో ఉన్నాడు. వాక్యాలు ఇప్పటికీ రావు. మంచినీళ్ళు అడుగుతాడు. లిండాని పేరు పెట్టి పిలుస్తాడు.

ఇప్పుడు ఏ పేషెంటు వచ్చినా, చిన్నప్పుడు ఏ భాషలో కేకలు వేసేవారని ముందే అడుగుతాను. మా సంఘంలో ప్రభువు కోసం ఎదురుచూడటాన్ని కనిపెట్టడం అంటాం. బయట అదే మాటకు దాగినదాన్ని తెలుసుకోవడమని అర్థం. ఆ రెండూ వేరు కావని ఆ గదిలో నేర్చుకున్నాను.

నోట మాట రాక మంచం మీద ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళ పక్కన కనిపెట్టుకొని కూర్చున్నవాళ్ళ కోసం, చదివిన మీరు ఒక్క క్షణం ఆగి నాతోపాటు ప్రార్థించండి.