ధైర్యం చెప్పని సెక్రటరీ గారు

గూడూరు క్లబ్బు సెక్రటరీ గారు పోయారని మధ్యాహ్నం బస్సు కండక్టరు చెప్పాడు. నేను వల ఆరేస్తున్నాను. నమ్మలేదు. ముందురోజే వాడి టికెట్ల సంచీలో బతికున్న పీతను వేసి పంపాను, దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను.

"ఇంకేదన్నా చెప్పబ్బా, నమ్ముతా" అన్నాను.

"ఇట్టాంటి దాంట్లో ఎగతాళేందన్నా. పొద్దున అంగట్లో చీర మడతేస్తా ఉండి అట్నే ఒరిగిపొయినాడంట" అని వాడు తల దించుకున్నాడు.

గుడిసెలోంచి మా అమ్మ "ఎవుర్రా పొయింది?" అని అడిగింది. ఆమెతో ఎలా చెప్పాలో తెలియక ఆరేసిన వలనే మళ్ళీ తీసి దులిపాను.

ఆయనకు గూడూరు బజారులో గుడ్డల అంగడి ఉండేది. ఊరి పెద్దలంతా కలిసి పెట్టుకున్న సేవా క్లబ్బుకు ఏళ్ళ తరబడి ఆయనే సెక్రటరీ. కంటి శిబిరం పెట్టినా, ఉప్పెన వచ్చినప్పుడు బట్టలు పంచినా తిరిగేది ఆయనే. పేపర్లో ఫోటో మాత్రం ప్రెసిడెంటు గారిది పడేది.

నేను చూసినవాళ్ళలో ఆయనంత భయస్తుడు లేడు. ఉరిమితే అంగడి తలుపులు వేసేవాడు. కుక్క కనబడితే సందు మార్చేవాడు. అప్పట్లో మా పాలేనికి రావాలంటే పడవలో కాలవ దాటాలి. పడవ మధ్యలో కూర్చుని, రెండు వైపులా చెక్కలు పట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. అలాంటి మనిషి దొరికితే నేను ఊరుకుంటానా?

"సెక్రటరీ గారూ, పడవకు చిల్లి పడినట్టుండాది."

"పడుంటే ఇప్పుడు చెప్పబాక అబ్బయ్యా. ఒడ్డుకు పొయినాక చెప్పు" అనేవాడు, కళ్ళు తెరవకుండానే.

అంత భయపడేవాడూ మళ్ళీ మళ్ళీ వచ్చేవాడు. ఎందుకో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

మా అమ్మ చేపల గంప ఎత్తుకుని పల్లెపల్లె తిరిగి నన్ను సాకింది. ఎవరో చెప్పారని ఆకు పసరు పోయించుకుని ఒక కన్ను అప్పటికే పోగొట్టుకుంది. మిగిలిన కంటికి పొర కమ్మింది. మనిషి ఎదురుగా నిలబడితే నీడలా ఉందనేది. ఆ కన్ను కూడా పోతే ఇక చీకటే. కత్తి అనే మాట వింటేనే ఆమె వణికిపోయేది.

ఆ ఏడు కంటి శిబిరం సంగతి చెప్పడానికి క్లబ్బు పెద్దమనుషులు మా పాలెం వచ్చారు. "భయం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాడు ఒకాయన. అమ్మ గోడ తడుముకుంటూ లేచి లోపలికి పోయింది. వాళ్ళంతా వెళ్ళిపోయాక సెక్రటరీ గారు గుమ్మం ముందు ఇసకలో చతికిలబడ్డాడు.

"నాకైతే భయంగా ఉందమ్మా. కన్ను కోస్తారంటే నాకు కాళ్ళు వణుకుతా ఉండాయి. బాగు కావచ్చు, కాకపోవచ్చు. ధైర్యం చెప్పేది నాకు చేతకాదు. నువ్వొస్తే మాత్రం కట్టు విప్పేదాకా పక్కనే కూర్చుంటా."

అమ్మ గోడ తడుముకుంటూ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. నాతో అంది. "ఈయన నిజం చెప్తా ఉండాడురా. పోదాం."

శిబిరం పెట్టింది గూడూరులో ఒక వడ్ల మిల్లు గిడ్డంగిలో. మిల్లు ఓనరు గిడ్డంగి ఇచ్చి మిల్లు ఆపాడు. బస్సు ఓనరు బస్సు ఇచ్చాడు. నిమ్మకాయల మండీవాళ్ళు మజ్జిగలోకి కాయలు పంపారు. నెల్లూరు నుంచి డాక్టరు గారు వచ్చారు. మా పాలెం వాళ్ళం ఇవ్వగలిగింది ఇసక. ఆపరేషను అయిన వాళ్ళ తల కదలకుండా రెండు పక్కలా ఇసక సంచులు పెట్టాలట. సముద్రం ఒడ్డున ఇసక బస్తాలకెత్తి, పడవలో కాలవ దాటించి, బస్సు మీద వేసి పంపాం.

ఆపరేషను అయిపోయింది. అసలు భయం ఆ తర్వాత మొదలైంది. రెండు కళ్ళకూ కట్టు కట్టి అందరినీ వెల్లకిలా పడుకోబెట్టారు. తల కదపకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. కోసిన చోట విచ్చుకుంటే కన్ను దక్కదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

సెక్రటరీ గారు నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు మీ అమ్మ మంచం కాడికి రాబాక. నీ గొంతు వింటేనే ఆమెకు నవ్వొస్తది."

గుమ్మం దగ్గర కూర్చుని నోరు మూసుకున్నాను. ఎవరైనా గొంతు సవరించుకుంటే లేచి నిలబడేవాణ్ణి. ఆయన స్టూలు వేసుకుని అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"సామీ, నీ చెయ్యి వణుకు నా చేతికొస్తా ఉండాది" అంది అమ్మ, పెదవులు మాత్రం కదిపి.

"వదిలెయ్యమంటావా అమ్మా?"

"వద్దు. ఉండనీ. నా భయం కూడా నువ్వే పడతా ఉండావు. నేను గమ్మున పడుకుంటా."

మరుసటి రోజు పొద్దున కాలం గాని కాలంలో మబ్బు పట్టింది. వడ్ల బండ్లు వరసగా మిల్లు ముందుకొచ్చి నిలబడ్డాయి. మిల్లు ఆపినట్టు రైతులకు తెలుసు, కానీ వాన తరుముకొస్తుంటే వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? ముందున్న పెద్దరైతు గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏడాది కష్టమయ్యా ఇది. తడిస్తే మొలకొస్తది. మీ మంచాలు ఒక పక్కకు జరపండి, మూటలు ఇంకో పక్క దించుకుంటాం."

మంచం జరిపితే తల కదులుతుంది. మూట దించితే వడ్ల దుమ్ము లేస్తుంది, తుమ్మొస్తుంది. అడ్డంగా నిలబడ్డాను. వెనకబండ్ల వాళ్ళు ముల్లుకర్రలతో ముందుకొచ్చారు. ఎద్దుల మెడల్లో గంటలు గోల చేస్తున్నాయి. లోపల ఎవరో "ఏంది, ఏమైంది?" అని మూలుగుతున్నారు.

సెక్రటరీ గారు బయటికొచ్చాడు. ఆయన పంచె అంచు కూడా వణుకుతోంది.

"మిమ్మల్ని చూస్తే నాకు భయంగా ఉంది నాయనా. మీరు తోసుకుని వస్తే ఆపేంత మనిషిని కాను. లోపల ఒక్కరు తుమ్మినా కన్ను పోతది. మీ వడ్లు తడిసినా మీ బతుకు పోతది. నాకు రెండిటికీ భయమే."

"నువ్వు భయపడితే వాన ఆగుతదా సామీ?" అన్నాడు పెద్దరైతు. కానీ గొంతు తగ్గింది.

సెక్రటరీ గారు మొలలోంచి క్లబ్బు తాళం తీశాడు. తీసి, దాన్ని చూసి మరింత వణికాడు. క్లబ్బు హాల్లో మద్రాసు నుంచి తెప్పించిన తివాచీ, పేము కుర్చీలు, పేకాట బల్లలు ఉండేవి.

"ప్రెసిడెంటు గారు నన్ను చంపుతాడు."

"ఆయన చంపేది రేపు. వాన ఇయ్యాళే వస్తా ఉండాది" అన్నాను. తాళం నా చేతిలో పెట్టి, అమ్మకు మాటిచ్చానంటూ ఆయన లోపలికి పోయాడు.

పెద్దరైతు గుమ్మంలోంచి ఒకసారి తొంగి చూశాడు. వరసగా కట్లు కట్టుకుని కట్టెల్లా పడుకున్న మనుషులు. బండిలోంచి గుప్పెడు గడ్డి తీసి తన ఎద్దుల గంటల్లో కుక్కాడు. మిగతావాళ్ళూ అదే చేశారు. అన్ని బండ్లూ చప్పుడు లేకుండా వెనక్కి తిరిగాయి. క్లబ్బు హాల్లో చివరి మూట దించేసరికి వాన అందుకుంది.

సాయంత్రం ప్రెసిడెంటు గారు గొడుగు వేసుకుని మండిపడుతూ వచ్చాడు. సెక్రటరీ గారు స్టూలు మీంచి లేవలేదు. "లేచేదానికి లేదు సార్, చెయ్యి పట్టుకోనుండా" అన్నాడు గొంతులోనే. ప్రెసిడెంటు గారు ఆ వరసను చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా పెద్దమనుషులు వడ్ల మూటల మీద కూర్చుని పేకాడారని ఊరంతా చెప్పుకొచ్చాను. కొంచెం పెంచే చెప్పాను.

నేను చదువు సగంలో మానేసినవాణ్ణి. ఆయన గురించి పెద్ద పెద్ద మాటలు నాకు రావు. ధైర్యం చెప్పేవాళ్ళు నాకు చాలామంది తగిలారు, చెప్పి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఈయన ఒక్కడే భయపడుతూ కూర్చున్నాడు.

కట్టు విప్పే రోజు నన్ను లోపలికి రానిచ్చారు. డాక్టరు గారు ఒక్కొక్క మడతా తీస్తున్నారు. సెక్రటరీ గారు చూడలేక గోడవైపు తిరిగి నిలబడి, "ఏమైంది? ఏమైంది?" అని గోడనే అడుగుతున్నాడు. అమ్మ రెప్ప మెల్లగా విప్పింది. డాక్టరు గారు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. నాకు అంతా అయిపోయిందనిపించింది.

"వేళ్ళకేముందిలే అయ్యా" అంది అమ్మ చివరికి. "ఆ గోడకాడ తెల్లచొక్కాయన్ని ఇట్టా తిరగమను. చూడాల."

ఆయన తిరిగాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాడు.