ఈశాన్యం మూల గుంత

ఈమధ్య జిరాక్సు షాపుల్లో పిన్ను కొట్టివ్వడం మానేశారు. కాయితాలు విడివిడిగా చేతిలో పెడతారు. అడిగితే పిన్నులు అయిపోయాయన్నా అంటారు. ఆదోనిలో నేను పోయిన ప్రతి షాపులోనూ పిన్నులు ఒకేసారి అయిపోవడం మీద నాకు కొంచెం అనుమానం ఉంది. ఆ రోజుల్లో ఇలా ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, ఐదారేళ్ల కిందటివి. కానీ చేతిలో డిగ్రీ ఉండి, చేయడానికి పనిలేకుండా గడిపిన రోజులు ఎంత దగ్గరివైనా తొందరగా పాతబడతాయి.) పిన్ను కొట్టిన కాయితాల కట్ట చంకలో పెట్టుకుని బస్సెక్కితే, చూసేవాళ్లకు నేనేదో ఆఫీసులో పనిచేస్తున్నట్టు కనిపించేది. కొన్నాళ్లకు నాకూ అలాగే అనిపించసాగింది.

మాది పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె. బీకాం పాసై ఇంటికొచ్చిన నన్ను ఊరంతా 'డిగ్రీ' అని పిలిచేది. అందులో గౌరవం పాలెంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు. మా చిన్నాయనకు నాలుగెకరాల పత్తి చేను, పైన ఆకాశం తప్ప వేరే నీటి వసతి లేదు. వరసగా రెండేళ్లు సరిగ్గా కాయ పట్టే సమయానికి వాన మొహం చాటేసింది. పంట పోతే మా వైపు వాళ్లు గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే కూలికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఆ రెండేళ్లూ చిన్నాయన, చిన్నమ్మ సుగ్గికి పోయారు, కూతుర్ని బడి మాన్పించి వెంట తీసుకుపోయారు. మూడో ఏడాది ఎండాకాలంలో చిన్నాయన మా అరుగు మీద కూర్చుని, "ఒక్క తడికి నీళ్లుంటే సాలప్పా, ఊరిడిసి పోయే పని తప్పుతాది. సర్కారు ఏందో ఇస్తాదంట గదా, సదువుకున్నోడివి, రవ్వంత సూడు" అన్నాడు.

చూశాను. మూడు నెలలు చూశాను. ఆదోని పోయి బిందు సేద్యం సబ్సిడీ అడిగితే, బోరుందా అని మర్యాదగానే అడిగారు. బోరుంటే మేమెందుకు వస్తామని అనబోయి, అందులోని న్యాయం నాకే అర్థమై ఊరుకున్నాను. ఎమ్మిగనూరు పోయి బోరుకు అప్పు అడిగితే, పాసుపుస్తకం ఏదన్నారు. అది పట్టుకుపోయిన రోజు ఆధారు మరిచాను. ఆధారు పట్టుకుపోయిన రోజు రెండో శనివారం. ఇట్లా బస్సుల్లో తిరిగి తిరిగి, ఒకనాడు ఎండకు తాళలేక మా ఊరి సచివాలయం నీడలో నిలబడితే, నా తల వెనక గోడకే కాయితం అంటించి ఉంది. ఉపాధి హామీ కింద చిన్న రైతులకు చేలో సేద్యపు కుంట తవ్విస్తారట, వాన నీళ్లు అందులో ఆగుతాయట. మా ఇంటికీ ఆ గోడకీ నలభై అడుగులు. (ఈ సంగతి చిన్నాయనకు చెప్పలేదు. ఎమ్మిగనూరులో పెద్దసారుతో మాట్లాడి సాధించినట్టు చెప్పాను.)

చోటు చూడ్డానికి వచ్చిన సారు కుర్రవాడు, పని తెలిసినవాడు. చేను చుట్టూ ఒకసారి నడిచి, వాలంతా ఇటే ఉంది కాబట్టి నైరుతి మూలలో తవ్వుదామన్నాడు. చిన్నాయన ముఖం మాడిపోయింది. నీళ్లుండాల్సింది ఈశాన్యంలో. నైరుతిలో గుంత పడితే ఇంటి యజమానికి కీడని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

"నైరుతిలో గుంత తీసి నన్ను దాంట్లోనే పూడ్సాలనా సారూ?" అన్నాడు చిన్నాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. చదువుకున్నవాడికి జీవితంలో ఇలాంటి ఘడియలు ఎక్కువ రావు. నేను ఫోనులో దిక్సూచి తెరిచి, చేలో నాలుగడుగులు ఇటూ నాలుగడుగులు అటూ వేసి, కళ్లు చికిలించి, వాలు ఈశాన్యానికి కూడా కొంత ఉన్నట్టుందని ప్రకటించాను. చిన్నమ్మ గట్టు మీద నిలబడి మా ముగ్గురికీ మజ్జిగ పోస్తూ ఉంది. సారు చేను వైపు చూసి, నా వైపు చూసి, ఏం చదివావని అడిగాడు. బీకాం అన్నాను. ఓహో అన్నాడు. చేను మీది కాబట్టి ఇష్టం మీదేనని, ఆ మాటే కాయితం మీద రాసిమ్మన్నాడు. రాశాను. 'నేల స్వభావరీత్యా ఈశాన్య దిశయే మిక్కిలి అనుకూలమై యున్నందున' అని రాశాను. 'యున్నందున' దగ్గర నాకే ముచ్చటేసింది.

గుంత దివ్యంగా కుదిరింది. నాలుగు గట్లూ గీత గీసినట్టు వచ్చాయి. జూలైలో మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం చిన్నాయన, చిన్నమ్మ, నేను గొడుగులు పట్టుకుని పోయాం. చేలో నీళ్లు ఎర్రగా, తొందరగా, మా గుంతను ఏమాత్రం పట్టించుకోకుండా నైరుతి మూలకు పారి, అక్కడ మోకాటి లోతు నిలిచి, గట్టు తెంచుకుని పక్క చేలోకి పోతున్నాయి. గుంత అడుగున జానెడు నీళ్లున్నాయి. అవి ఆకాశం నేరుగా ఇచ్చినవి, వాటిలో నా దరఖాస్తు ప్రమేయం లేదు. చిన్నాయన ఇంకో వాన పడనీ అన్నాడు. ఇంకో వానకూ అంతే. ఆగస్టులో మళ్లీ వాన మొహం చాటేసింది, పత్తి తల వేలాడేసింది.

మరుసటేడు నైరుతి మూలలో చిన్నాయన సొంతంగా ఇంకో గుంత తీయించాడు. మూలకు రెండడుగులు ఇవతల తీస్తే అది నైరుతి కిందికి రాదని ఎవరో పెద్దాయన సర్దిచెప్పాడట. అది నిండింది, ఇప్పటికీ నిండుతోంది. దానికి నేనొక్క ముక్క రాయలేదు. ఇప్పుడు నా ఉద్యోగం రైతులకు ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడమే. దిక్సూచి తెరిచిన ఆ బీకాం కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు, కూర్చోబెట్టి కాసిని మంచినీళ్లిచ్చి, నోరు కాస్త తక్కువ వాడమని చెప్పాలనిపిస్తుంది.

కానీ ఈశాన్యంలో గుంత తీసిన ఆ ఏడాది మాత్రం వాళ్లు సుగ్గికి పోక తప్పలేదు. కూతుర్ని మా ఇంట్లో వదిలి పోయేట్టు ఒప్పించాను. నేను సాధించిపెట్టిన ఏకైక సాయం అదే, అది ప్రభుత్వానిది కాదు. బయల్దేరే రోజు పొద్దున, మూటలెక్కించిన లారీ దగ్గర నిలబడి, మళ్లీ ఏడాదికి ఇంకేదైనా పథకం కనుక్కుంటాను చిన్నమ్మా, ఈసారి అందరినీ అడిగి చూస్తాను అన్నాను. చిన్నమ్మ మూట మీద సర్దుక్కూర్చుని, కొంగు తలకు చుట్టుకుంటూ, కోపం లేకుండానే అంది:

"ఆదోనిలో అడిగినావు, ఎమ్మిగనూరులో అడిగినావు. ఇరవై ఏండ్ల నుంచి వానలో ఆ సేన్లో ఉండేదాన్ని నేను. నీళ్లు యాడికి పోతాయని నన్నొక్క మాట అడగలేకపోతివా నాయనా?"