మబ్బు కంటే ముందే ఉప్పునుంతల చేరాలి

నలభై ఆరేళ్లకు స్టీరింగు పట్టినదాన్ని. గద్వాల వీధుల్లో ఏడాది పాటు గోడలను, ఆటోలను, మా ఆయన ఎకసెక్కాలను తప్పించుకుంటూ నేర్చుకున్నాను. "నువ్వు నడిపితే నల్లమల చేరేసరికి అక్కడి పులులకు పళ్లూడిపోతాయి" అని ఆయన అన్న రోజే, ఒక్కదాన్నే నల్లమల దాకా పోయి రావాలని పట్టుపట్టాను. నాలాగే కొత్తగా బండి నేర్చి దూరం పోవాలనుకునే ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దారి సులువైనదే. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా, అక్కడ హైవే ఎక్కి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే పెబ్బేరు, ఆ తర్వాత వనపర్తి, గోపాల్‌పేట, నాగర్‌కర్నూల్, ఆపైన అచ్చంపేట. రాత్రికి అచ్చంపేటలో బస, తెల్లారి అడవి. ఇదీ నా లెక్క. వెయ్యి రూపాయల పెట్రోలు పోయించి, స్టెప్నీతో సహా అన్ని టైర్లకూ గాలి చూపించి, ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున తొమ్మిదిన్నరకు బయలుదేరాను.

ఎర్రవల్లిలో ఇడ్లీ, టీ కలిపి నలభై రూపాయలు. హోటలామె నా చేతిలో తాళాలు చూసి "యాడికి పోతున్నవక్కా?" అని అడిగింది. నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట అన్నాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బయట బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయనను చూపించింది. "మద్దిలేటి అని, మా రాజోలి దిక్కాయననే. ఉప్పునుంతలల వాళ్లక్క రాత్రి సచ్చిపోయింది. బస్సు దొరకక పరేషానైతుండు. జర ఎక్కించుకోక్కా."

ముక్కూమొహం తెలియని వాళ్లను బండి ఎక్కించుకోకూడదన్నది నేను పెట్టుకున్న మొదటి నియమం. మీరూ పెట్టుకోండి. అయితే ఆయన ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, అందులోంచి కనబడుతున్న మడత విప్పని ఎర్రంచు చీర నన్ను కదలనివ్వలేదు. "తల్లిగారి చీర కప్పకుండ పీనుగను లేపరాదు బిడ్డా. అవ్వా నాయనా ఎప్పుడో పోయిండ్రు. మా అక్కకు ఇగ నేనే తల్లిగారిల్లు" అన్నాడు. ముందు తలుపు తీశాను.

యాభై దాటితే గుండె దడదడలాడే నేను ఆ రోజు హైవే మీద ఎనభైకి పోయాను. బీచుపల్లి వంతెన మీద నది వైపు తల కూడా తిప్పలేదు. మద్దిలేటి సంచిని రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తొందరగా పొమ్మనలేదు. అన్నా బాగుండేది, విసుక్కునైనా కాస్త తేలికపడేదాన్ని.

వనపర్తిలో లారీల వెనక చిక్కుకుని బయటపడేసరికి పన్నెండు కావస్తోంది. అప్పుడే చనిపోయినామె కొడుకు మద్దిలేటికి ఫోన్ చేశాడు.

"మామా, యాడిదాంక వచ్చినవ్?"

"వనపర్తి దాటినం రా."

"ఈడ మబ్బు పట్టింది మామా. వానొస్తే కట్టెలు తడుస్తయని పెద్దమనుషులు తొందర జేస్తుండ్రు. రెండింటి దాంక ఎట్లన్న ఆపుత. ఆ తర్వాత నా చేతుల లేదు."

గోపాల్‌పేట ఎప్పుడు దాటామో గుర్తులేదు. నాగర్‌కర్నూల్లో ఆయనకు ఒక మజ్జిగ ప్యాకెట్ కొనిస్తే తాగకుండా పక్కన పెట్టుకున్నాడు. అచ్చంపేట సంగతి తర్వాత చూసుకుందామని బండిని ఉప్పునుంతలకు పోయే తెలకపల్లి దారి పట్టించాను. ఎదురుగా ఆకాశం నల్లబడింది. తెలకపల్లి దాటి కొంతదూరం పోయామో లేదో, రోడ్డు మీద వడ్లు. సగం రోడ్డు పొడవునా ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. వాన భయానికి మనుషులంతా సంచులకు ఎత్తుతున్నారు. మిగిలిన సగంలో ట్రాక్టర్ అడ్డంగా నిలబడి ఉంది. దాటాలంటే ఎడమ పక్క టైర్లను వడ్ల మీదికి ఎక్కించాలి. ఫస్ట్ గేరు వేశాను. మద్దిలేటి చప్పున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపు బిడ్డా. వడ్ల మీదికెల్లి వద్దు."

"పెద్దనాయనా, టైము లేదు. నాలుగు గింజలు నలిగితే ఏమైతది?"

"వాళ్ల నాలుగు నెలల కష్టం అది. మా అక్క కోసం ఒకరి తిండి తొక్కిస్తనా?"

చీర సీటు మీద పెట్టి దిగిపోయాడు. పోయి వాళ్లతో పాటు వడ్లు ఎత్తడం మొదలుపెట్టాడు! నాకు ఒళ్లు మండిపోయింది. వనపర్తి నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చింది ఎవరి కోసం? కాసేపు కారులో కూర్చుని పళ్లు నూరాను. తర్వాత చేసేదేం లేక నేనూ దిగి ఒక సంచి మూతి పట్టుకున్నాను. అవతలి వైపు పట్టుకున్నామె "ఎవరు మీరు, యాడికి?" అని అడిగితే సంగతి చెప్పాను. ఆమె సంచి వదిలేసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "అయ్యో, సావుకు పోయేటోళ్లతోనా మనం వడ్లెత్తిపిచ్చుకునేది! ఓ నర్సిములూ, ట్రాక్టర్ ఎనకకు తియ్యి!"

అప్పటికే రెండు దాటింది. బండి కదిలిన కాసేపటికి ఫోన్ మోగింది. "లేపిండ్రు మామా. నాతోని కాలేదు" అని ఆ కొడుకు ఏడుస్తున్నాడు. మద్దిలేటి "సరే రా" అని మాత్రం అన్నాడు. నాకు కళ్లు మసకబారి దారి కనబడలేదు. మళ్లీ ఆయనే అన్నాడు, "ఊరి బయట వాగు కాడ దింపుతరు బిడ్డా. ఆడికి పో."

దింపుడుకల్లం. పాడెను మోసుకుపోతూ దారిలో ఒకచోట దించి, ప్రాణమేమైనా మిగిలుందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఓడిపోయేవాళ్లను వెక్కిరించడానికి వార్తల్లో 'దింపుడుకల్లం ఆశ' అని వాడే మాటగానే నాకది తెలుసు. ఆ రోజు మాత్రం ఆ ఆశ మీదే బండి నడిపాను.

వాగు దగ్గరికి చేరేసరికి పాడె నేల మీదే ఉంది. కొడుకులు పిలవడం అయిపోయి, మోసేవాళ్లు వంగి వెదుళ్ల మీద చేతులు వేశారు. సిగ్గు విడిచి హారన్ మీద చెయ్యి తీయకుండా మోగించాను. డప్పులు ఆగాయి. మద్దిలేటి పరుగెత్తి చీర విప్పి అక్కకు కప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెవి దగ్గర వంగి "అక్కా" అని మూడుసార్లు పిలిచాడు. చినుకులు మొదలయ్యాయి. "అయింది, ఇగ లేపుండ్రి" అన్నాడు ఎవరో పెద్దమనిషి. మద్దిలేటి లేవలేదు. మళ్లీ వంగాడు.

"అక్కా, నేను మద్దిలేటిని. జర ఆలస్యమైంది."

మోసేవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆయన లేచేదాకా ఎవ్వరూ కదల్లేదు. నేను కారు తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

నల్లమల మరునాడు చూశాను. బాగుంది, మీరూ చూడండి. నాకు మాత్రం ఆ వడ్ల దగ్గరే మనసు ఆగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకోకపోతే నేను తొక్కించేదాన్నే, అందులో సందేహం లేదు. బహుశా సమయానికి చేరేవాళ్లం కూడా. ఆలస్యమైతే అయింది, ఎవరి గింజా తొక్కకుండా తన అక్క దగ్గరికి పోయాడు మద్దిలేటి.

ఒక్క సలహా. ఏప్రిల్‌లో యాసంగి పంట కోతల రోజుల్లో ఈ దారిన పోయేటప్పుడు మ్యాపు చూపించే సమయానికి ఇంకో గంట కలుపుకోండి. వడ్లు అడ్డమొస్తే హారన్ కొట్టకండి. దిగి ఒక సంచి మూతి పట్టుకోండి, దారి తొందరగా దొరుకుతుంది.