తాళి లేని ఇంట్లో నా సగం

అనంతపురం నుంచి వస్తే రాప్తాడు దాటాక హైవేకి దగ్గరగా ఉన్న కాలనీలో మాకు రెండు గదుల ఇల్లు ఉండేది. మాకు అంటే నాకూ, నాతో ఏడేళ్లు కలిసి బతికిన మనిషికీ. మేం పెళ్లి చేసుకోలేదు. అతనింట్లో కులం అడ్డమన్నారు, నాకేమో మొదటినుంచీ తాళి మీద మనసు లేదు. ధర్మవరం మగ్గాలకు చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసివ్వడం నా పని. అతనికి లారీల విడిభాగాల అంగడి ఉండేది. ఇద్దరి సంపాదనా కలిపి ఆ ఇల్లు కొన్నాం, ఇద్దరి పేర్ల మీదా రిజిస్టర్ చేయించాం.

ఎండాకాలం మొదట్లో అతను వెళ్లిపోయాడు. పోట్లాటేమీ జరగలేదు. నాయనకు బాగాలేదని కళ్యాణదుర్గం పోయినవాడు అక్కడే పెళ్లి సంబంధానికి ఒప్పుకున్నాడు. ఆ మాట నాకు ఫోన్లో చెప్పాడు. ఏడ్చాను. ఎంత ఏడ్చానో ఇక్కడ రాయను.

నెల తిరక్కముందే వాళ్లన్న వచ్చాడు. పక్క ఊళ్లలో పంచాయితీలు చేసే మనిషి, నాలుగు మాటలు గట్టిగా అంటే పని అయిపోతుందని నమ్మకం. వెంట ఇల్లు కొనడానికి ఒక పెద్దాయనను తీసుకొచ్చాడు.

"ఏమ్మా, మావోనికి పెండ్లి కుదిరినాది. ఇల్లు అమ్మేస్తాండాము. నువ్వు యాడన్నా బాడిగిల్లు చూసుకో" అన్నాడు.

"నా సంతకం లేకుండా ఎట్ల అమ్ముతావన్నా?"

"నీ సంతకమెందుకు? తాళన్నా కట్టినాడా నీకు? ఏ హక్కుతో ఉండావు ఈడ?"

"తాళి లేదు గాబట్టే పెండ్లాముగా అడగడంలే. కొన్నదాన్ని, అందుకే ఉండా."

పెద్దాయన వైపు తిరిగి, "సగం నాదప్పా. నేనమ్మను. కొంటే నాతోపాటే ఈ ఇంట్లో ఉండాల్సొస్తాది" అన్నాను. ఆయన వాళ్లన్న మొహం చూశాడు. "ఈ సంగతి ముందే చెప్పల్ల గదన్నా" అని చెప్పులు వేసుకున్నాడు.

ఆ వారమే ఇంట్లో కరెంటు పోయింది. మీటరు అతని పేరు మీద ఉంది, వద్దని రాసిచ్చి తీయించేశారు. అనంతపురం ఎండల్లో ఫ్యాను లేని ఇంట్లో మనిషి ఎన్నాళ్లుంటుందిలే అనుకున్నారు. నేను కంప్యూటరును ఆటోలో పెట్టుకుని ధర్మవరంలో తెలిసిన నేతగాళ్ల ఇంటికి తీసుకుపోయాను. పగలు అక్కడ డిజైన్లు గీసి, సాయంత్రానికి తిరిగొచ్చి నా ఇంట్లోనే పడుకునేదాన్ని. కరెంటాఫీసుకు ఇంటి పత్రాల నకలు తీసుకుపోతే అక్కడి ఉద్యోగి చదివి, "రెండో పేరాయన మీకేమవుతాడు?" అని అడిగాడు. ఏమీ కాడన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా కొత్త మీటరుకు దరఖాస్తు రాయించాడు. మీటరు నా పేరు మీదే వచ్చింది.

అప్పుడు అనంతపురంలో ఒక లాయరమ్మ దగ్గరికి పోయాను. పత్రంలో ఎవరి వాటా ఎంతో రాయలేదు కాబట్టి, వేరే రుజువు లేకపోతే చెరి సగమే అవుతుందని చెప్పింది. ఇల్లు మొత్తం అతనొక్కడే అమ్మలేడు. తన సగం మాత్రం ఎవరికైనా అమ్ముకోవచ్చు. అంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరైనా నా ఇంట్లో సగానికి రావొచ్చు.

"భార్య లాంటిదానివని ఇంకో చట్టం కింద కూడా కేసు వెయ్యొచ్చు, ఆలోచించుకో" అంది.

"ఆ 'లాంటి' నాకొద్దు మేడమ్. నా సగం నాకు తేల్చండి."

ఆమె అతనికి నోటీసు పంపింది. ఇంటిని పంచాలి, పంచడానికి వీల్లేకపోతే అతని వాటా నేనే కొంటానని అందులో రాయించాను.

ఈసారి అన్న రాలేదు, అతనే వచ్చాడు. లాయరమ్మ గదిలో ఎదురుగా కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"కోర్టు దాకా యాల పోతావు? అడిగింటే నేనే ఇచ్చేవాణ్ణి గదా" అన్నాడు.

"మీయన్నను పంపించేటప్పుడు ఆ మాట యాడ పెట్టినావు?"

తల వంచుకున్నాడు. "నాకు ఆ ఇంట్లో ఉండేకి మొహం లేదు. నువ్వే తీసుకో" అన్నాడు. నాకు జాలి కలిగింది. అయినా ఊరికే ఇస్తే వద్దన్నాను, రేపు ఎవరూ దానం చేశామనకూడదు. బ్యాంకులో అప్పు తీసుకుని అతని వాటా కొన్నాను. ఆ అప్పు ఇంకా కడుతూనే ఉన్నాను.

రిజిస్ట్రేషన్ రోజు పత్రాలు రాసే ఆయన "మీ ఇంటాయన పేరు చెప్పమ్మా" అన్నాడు. మా నాయన పేరు రాయమన్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి ఓసారి చూసి, రాశాడు.

రెండు గదుల మధ్య గోడ కొట్టించి ఒకటే హాలు చేశాను. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు డిజైన్లు నేర్చుకుంటున్నారు. వీధిలో కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మొన్న బస్టాండు హోటల్లో వాళ్లన్న కనబడ్డాడు. నన్ను చూసి లేచి పోతాడేమో అనుకున్నాను, పోలేదు, మొహం మాత్రం తిప్పుకున్నాడు. నేను ఆ పక్క బల్ల దగ్గరే కూర్చుని, దోసె చెప్పి, నిదానంగా తిన్నాను.