ఓకే అన్నంత మాత్రాన

అమలాపురంలో నేను పనిచేసే కాలేజీ ల్యాబులో, కిటికీ పక్క బల్ల మీద, యూనిక్స్ వర్క్‌స్టేషన్ అనే పాత రకం కంప్యూటరు ఒకటి ఉంది. కాలేజీ పెట్టిన కొత్తలో కొన్నారట. టెక్నీషియన్‌గా చేరినప్పటి నుంచీ దాని దుమ్ము దులుపుతున్నాను తప్ప, దాని ముందు కూర్చుని ఎవరైనా పని చేయడం చూడలేదు. అయినా స్టాకు రిజిస్టరులో 'పనిచేస్తున్నది' అనే ఉంటుంది. మొన్న తనిఖీకి కమిటీ వస్తోందని తెలిసి ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, దాని మీద లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తెర మీద ఏదో ఒకటి కనపడేలా చేయమన్నారు. "ఆయ్" అన్నాను.

మా కోనసీమలో ఆయ్ అనకుండా మాట సాగదు. ఎదుటివాళ్లు చెబుతున్నంతసేపూ, వింటున్నట్టు, అంటూనే ఉంటాం. అనకపోతే పొగరనుకుంటారు.

ఆ పని పెట్టుకున్నది శుక్రవారం. మా ఆవిడకు వారంలో మూడు రోజులు డయాలసిస్, శుక్రవారం అందులో ఒకటి. పొద్దున్నే ఆవిడను ఆసుపత్రిలో దింపి కాలేజీకి వస్తాను. భోజనాల వేళకు వెళ్లి ఆటోలో ఇంటికి చేర్చి, మళ్లీ ల్యాబుకు వస్తాను. డయాలసిస్ అయ్యాక ఆవిడ ఒంట్లో సత్తువ ఉండదు. ఆసుపత్రి మెట్లు దిగాలన్నా నా భుజం కావాలి. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. భోజనానికి ఇంటికెళ్తున్నానని అనుకుంటారు. జాలి మాటలకు జవాబు చెప్పే ఓపిక కూడా ఉండాలి కదా.

సీడీ పెట్టగానే లైనక్స్ ఎక్కేయదు. ఆ పెట్టెలో ఫర్మ్‌వేర్ అని ఒకటుంటుంది. స్విచ్చు వేయగానే అన్నిటికంటే ముందు లేచేది అదే. డిస్కు నుంచి మొదలుపెట్టాలా, సీడీ నుంచా, తన నెట్‌వర్క్ చిరునామా ఏమిటి, ఇవాళ తారీఖెంత, అన్నీ దానికి గుర్తుండాలి. గుర్తు నిలిపే బ్యాటరీ చిప్పు లోపలే బిగించి ఉంటుంది, ఊడదీసి కొత్తది వేయడం కుదరదు. మా దానిలోది ఎప్పుడో చచ్చిపోయింది. కాబట్టి కరెంటు పోయినప్పుడల్లా అన్నీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

కీబోర్డులో ఎడమవైపు స్టాప్ అనే కీ ఉంది. దాన్నీ, ఎ అక్షరాన్నీ కలిపి నొక్కితే తెల్లటి తెర మీద 'ఓకే' అని వస్తుంది. మొదటిసారి చూసి సంబరపడ్డాను. వెంటనే అనుమానం వచ్చింది. నేనింకా ఏమీ చెప్పందే దేనికి ఓకే? కాసేపటికి అర్థమైంది, అది ఒప్పుకోవడం కాదు, 'చెప్పు, వింటున్నాను' అనడం. తప్పుగా టైపు చేస్తే తెలియదని ఒక ముక్క విసిరి, దాని కిందే మళ్లీ ఓకే అంటుంది. ఇదీ మా ఊరిదేరా బాబూ అనుకున్నాను.

అన్నీ టైపు చేశాను. సీడీ తిరగడం మొదలెట్టింది, తెర మీద వరసలు పరుగెత్తాయి. కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఏళ్లయింది. కొత్తవి తెప్పిస్తామని ఆఫీసువాళ్లంటారు, నేను ఆయ్ అంటాను. ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే కరెంటు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబోలు, మా ల్యాబులో ఫ్యాను మాత్రం తిరగలేదు. కరెంటు వచ్చాక మళ్లీ ఓకే. మళ్లీ చిరునామా, మళ్లీ తారీఖు, మళ్లీ సీడీ. సగం దాటాక మళ్లీ పోయింది. మూడోసారి కూర్చునేసరికి నడుం పట్టేసింది. భోజనాల గంటకు ఇంకెంతో సేపు లేదు.

అప్పుడు ప్రిన్సిపాల్ గారు వచ్చారు. మంచివారే, ఎవరినీ గొంతెత్తి ఒక మాట అనరు. నా వెనక నిలబడి తెర వంక చూశారు.

"ఓకే అంటోంది కదండీ. అయిపోయినట్టేనా?"

"లేదండి. అదెప్పుడూ అలాగే అంటదండి."

ఆయన తలూపి, ఈ తనిఖీ అయ్యాక సోమవారం నుంచి నన్ను మండపేటలోని మా యాజమాన్యం వారి రెండో కాలేజీకి పంపుతున్నామన్నారు. అక్కడి ల్యాబుకు మనిషి లేడట. నేను అయోమయంగా చూస్తుంటే నవ్వారు. "మొన్న వరండాలో చెప్తే ఆయ్ అన్నారు కదండీ."

అన్నాను. ఆయన ముందు నడుస్తున్నారు, నేను తాళాల గుత్తి పట్టుకుని వెనకాల. మండపేటలో ఇబ్బందిగా ఉందంటే ఆయ్ అన్నాను. మీలాంటివాళ్లుంటే బాగుంటుందంటే దానికీ ఆయ్ అన్నాను. ఆయన వెళ్లి యాజమాన్యానికి నేను ఒప్పుకున్నానని చెప్పేశారు. మండపేట నుంచి మధ్యాహ్నం వచ్చి వెళ్లడం జరిగే పని కాదు. ఇక ఆ మెట్ల దగ్గర ఆవిడను పట్టుకునేదెవరు? కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా, ఆ పెట్టె మీదా వచ్చింది. అరవడానికి ఓపిక లేక మెల్లగానే అన్నాను.

"ఆయ్ అన్నానండి. వెళ్తానన్లేదండి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అన్నేళ్లలో ఆయన ముందు నేను కాదన్నది అదే మొదలు.

"మా ఆవిడకి డయాలసిస్సండి, వారానికి మూడ్రోజులు. మధ్యాహ్నం నేనెళ్లి తీసుకురావాలండి. మండపేట నుంచి రాలేనండి."

అంతలో కరెంటు మళ్లీ పోయింది. తెర ఆరిపోయింది. ఆయన ఆరిన తెర వంక ఒకసారి చూసి, "ఆయ్" అని వెళ్లిపోయారు.

ఆసుపత్రికి వెళ్లేసరికి మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది. మెట్లు దిగుతూ జరిగిందంతా చెప్పాను.

"మరి ఆయనేమన్నారండి?"

"ఆయ్ అన్నారు."

ఆవిడదీ ఈ నేలే. ఇంకేమీ అడగలేదు. నా భుజం మీది చెయ్యి మాత్రం కాస్త బిగిసింది. మెట్టు మెట్టుకూ ఆగుతూ కిందికి దిగాం.