ఎనిమిది ట్యాంకుల ఓపిక

స్నేహితులందరూ అతన్ని సైరన్ అని పిలిచేవాళ్ళు. పదహారేళ్ళుగా అంబులెన్సు నడుపుతున్నాడు కాబట్టి ఆ పేరు కొంత అతికింది. డ్యూటీ దిగాక కూడా డ్యూటీలో ఉన్నట్టే బతుకుతాడు కాబట్టి పూర్తిగా అతికింది. భోజనం ఆరు నిమిషాల్లో ముగిస్తాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగుతాడు. లిఫ్టు బటన్ ఒకసారి నొక్కితే చాలని ఎవరెన్నిసార్లు చెప్పినా నాలుగుసార్లు నొక్కుతాడు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అతని భార్య, "మా ఆయన కలలు కూడా సగమే కంటాడు, మిగతా సగానికి తీరిక దొరకదు" అని తోటివాళ్ళకి చెప్పి నవ్విస్తుంటుంది.

అలాంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క సరదా, రిమోటుతో నడిపే బగ్గీ. పిల్లలాడుకునే బొమ్మ కారు అనుకోకండి. మూరెడు పొడవు, ముళ్ళముళ్ళ టైర్లు, లోపల నిమ్మకాయంత ఇంజన్. అది తాగేది పెట్రోలు కాదు. మెథనాల్లో నైట్రోమీథేన్, కాస్త ఆముదం కలిపిన ప్రత్యేకమైన ఇంధనం. దాన్నే అందరూ నైట్రో అంటారు. నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే ఆ బుల్లి ఇంజన్ రొద వింటే వీధి చివర కుక్కలు కూడా లేచి నిలబడతాయి. ఊరి బయట మట్టి ట్రాకు మీద నెలకోసారి పోటీలు జరుగుతాయి.

ఆ పోటీల్లో రెండేళ్ళుగా అతను ఒక్క ఫైనల్ కూడా చివరిదాకా నడపలేదు. రెండు ఇంజన్లు పాడుచేశాడు, రెండూ ఒకే తప్పుతో. కొత్త ఇంజన్లో పిస్టన్, అది ఆడే గొట్టమూ ఒకదానికొకటి పొరుగూరి మనుషుల్లా ఉంటాయి, చనువుండదు. గొట్టం పైకొచ్చేకొద్దీ బిగువు. అవి రెండూ రాజీపడేదాకా ఇంజన్ని మెల్లగా వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ వేడిచేసి, ఏడెనిమిది ట్యాంకులు ఓపిగ్గా కాల్చాలి. సైరన్ రెండు ట్యాంకులు కాల్చేవాడు. మూడోది ట్రాకు మీదే, పూర్తి వేగంతో. ఆ తర్వాత ఇంజన్ని డబ్బాలో పెట్టుకుని ఇంటికొచ్చేవాడు.

మూడో ఇంజన్ కొన్న నెలలోనే అత్తగారు ఇంటికొచ్చింది.

ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. సొంత ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది కాబట్టి, నడక కుదురుకునేదాకా తన దగ్గరుండమని కూతురు పట్టుబట్టి తీసుకొచ్చింది. ముప్పైరెండేళ్ళు ఫ్యాన్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. మోటార్లను పెట్టెల్లోకి పంపేముందు గంటలకొద్దీ తిప్పి పరీక్షించే బల్ల ఆవిడది. మాట తక్కువ. అల్లుణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా అతనికి ఆవిడ ఎదుటపడాలంటే మొహం చెల్లేది కాదు.

దానికి కారణం నాలుగేళ్ళ కిందటిది. మామగారికి పక్షవాతం వచ్చిన రోజు అంబులెన్సు తీసుకెళ్ళింది ఇతనే. చిరునామా అత్తగారింటిదని చూసినా స్టీరింగ్ వదల్లేదు. పదకొండు నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చాడు. ఆరోరోజు మామగారు పోయారు. ఫ్లైఓవర్ మీద వాహనాలు ఆగి ఉన్నాయని కింద రోడ్డు పట్టుకున్నాడు. పైనుంచి వెళ్ళి ఉంటే రెండు నిమిషాలు కలిసొచ్చేవేమో. ఆ రెండు నిమిషాలూ అతని లోపల ఎక్కడో ఇరుక్కుపోయాయి. అత్తగారి ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే పలకరించి, ఏదో పనుందని లేచి వచ్చేసేవాడు.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉండాలి.

ఆ ఆదివారం పొద్దున భార్య షాపుకి వెళ్ళింది. అతనికి సెలవు. వంటింటి వెనక, రెండు మెట్ల కింద, ఒక షెడ్డు ఉంది. అందులో బల్ల వేసుకుని కొత్త ఇంజన్ బయటికి తీశాడు. అత్తగారు వంటింటి వెనక గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నాలుగుకాళ్ళ ఊతకర్ర పక్కనే ఉంది. మెట్లు దిగడానికి ఇంకా నాలుగు రోజులు ఆగాలని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పాడు.

"నేనిక్కడ కూర్చుంటే మీకేమన్నా అడ్డమా బాబూ?" అంది.

"అయ్యో, అదేం లేదండీ. పొగ వస్తుంది, మీకే ఇబ్బంది."

"ఫ్యాక్టరీలో వార్నిషు పొగలో బతికినదాన్ని. కానివ్వండి."

చూసే కళ్ళు ఉండేసరికి అతని చేతులు కాస్త నెమ్మదించాయి. ముందు ఇంజన్ కడ్డీకి ఫ్లైవీలనే బరువైన చక్రం బిగించాడు. దానిమీద మూడు క్లచ్ ముక్కలు, వాటిని పట్టి ఉంచే స్ప్రింగులు. పైన గంట ఆకారంలో ఉండే పళ్ళ చక్రం. అది అటూ ఇటూ ఊగకుండా వెంట్రుకంత పల్చని రింగు ఒకటి. ఆ స్ప్రింగుల్లో ఒకటి చేతిలోంచి ఎగిరిపోయింది. బల్లకింద దూరి పది నిమిషాలు వెతికాడు.

"మీ ఎడమ చెప్పు పక్కన ఉంది," అంది ఆవిడ గుమ్మంలోంచి.

ఇంజన్ని బగ్గీలో కూర్చోబెట్టాక పళ్ళకీ పళ్ళకీ మధ్య చిన్న కాగితం ముక్క పెట్టి మరలు బిగించాడు. కాగితం తీసేస్తే మిగిలే సందే సరైన సందు. పైపు, ట్యాంకు గొట్టాలు, నూనె పట్టించిన గాలి వడపోత, అన్నీ తగిలించాడు. పైమూత దగ్గర ఇంజన్ని భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిచేశాడు. అది చూసి ఆవిడ మొదటిసారి నవ్వింది.

"అమ్మాయికి తెలిస్తే మీ జుట్టు పీకుతుంది."

"అందుకే షాపుకి వెళ్ళిన రోజు పెట్టుకున్నానండీ."

ఇంజన్ అంటుకుంది. ఇంధనం ఎంత వెళ్ళాలో తేల్చే సూదిని బాగా వదులు చేసి పెట్టాడు కాబట్టి పొగ దట్టంగా, తెల్లగా వచ్చింది. ఆముదం వాసన షెడ్డంతా పరుచుకుంది. వేడి నిలబడాలని ఇంజన్ తలకి అల్యూమినియం కాగితం చుట్టి, పిస్తోలులాంటి థర్మామీటరుతో చూస్తూ కూర్చున్నాడు. ట్యాంకులో పట్టేది టీ కప్పుకన్నా కొంచెం ఎక్కువ. అది అయిపోతుండగా పొగగొట్టాన్ని గుడ్డతో మూసి ఇంజన్ ఆపాడు. ఆపగానే కింద చెయ్యిపెట్టి ఫ్లైవీలుని తిప్పి, దాని మీద మార్కరుతో గీసిన గీతని కిందికి తెచ్చాడు.

"అదెందుకు?" అంది ఆవిడ.

"గీత కిందికొస్తే పిస్టన్ కూడా కిందికొచ్చినట్టండీ. పైన బిగువులో ఇరుక్కుని ఉండగా చల్లారితే గొట్టం దాన్ని పట్టేసుకుంటుంది. మొదట్లోనే అరిగిపోతుంది."

"మరి పోయినసారి రెండూ అలాగే పోయాయా?"

"లేదండీ. అవి నా తొందరవల్ల పోయాయి."

ఇంజన్ పూర్తిగా చల్లారడానికి అరగంట. ఆ అరగంటలో అతను మూడుసార్లు థర్మామీటరు ఎక్కుపెట్టాడు, రెండుసార్లు లేచి నిలబడ్డాడు.

మూడో ట్యాంకు సగంలో ఉండగా ఫోన్ మోగింది. కంట్రోల్ రూమువాళ్ళు. డ్యూటీలో ఉన్న డ్రైవరుకి కడుపునొప్పి, బండి నిలిచిపోయింది, అరగంటలో రాగలవా అని. అరగంట అంటే సైరన్‌కి పావుగంట. ఇంజన్ ఆపేశాడు, చేతులు తుడుచుకున్నాడు, "వస్తానండీ" అని ముందు తలుపు తీసుకుని మాయమైపోయాడు.

దారిలో గుర్తొచ్చింది, గీత కిందికి తేలేదని. సిగ్నలు దగ్గర తన కారు స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టుకున్నాడు. మూడో ఇంజన్ కూడా అయిపోయినట్టే. ఇంక ఈ ఆట మనకొద్దు, బగ్గీ ఎవరికైనా ఇచ్చేద్దాం అని కూడా అనుకున్నాడు. అంతలో అంబులెన్సు చేతికొచ్చింది, తర్వాత ఒక గర్భిణి, ఆ తర్వాత నిచ్చెన మీదనుంచి పడ్డ పెయింటరు. ఇంజన్ సంగతి మర్చిపోయాడు.

ఒంటిగంటకి వేరే డ్రైవరు రాగానే ఇంటికొచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీ. ఊతకర్ర దాని పక్కనే నిలబడి ఉంది. మనిషి లేదు.

"అత్తయ్యగారూ."

"ఇక్కడున్నాను బాబూ. కంగారుపడకండి." షెడ్డులోంచి వచ్చింది గొంతు.

పొట్టి స్టూలు మీద, ఆపరేషన్ కాలు ముందుకి చాపుకుని, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మోచేతికి నల్లటి నూనె మరక.

"ఎప్పటినుంచి ఇక్కడున్నారు?"

"మీరు వెళ్ళిన కాసేపటినుంచీ. దిగడమైతే తలుపు పట్టుకుని దిగాను. ఈ స్టూలేమో నేలబారుగా ఉంది. కూర్చున్నాక లేవడానికి మోకాలు ఒప్పుకోలేదు."

"ఫోన్ చెయ్యొచ్చు కదండీ."

"ఫోన్ పొయ్యి పక్కన ఉంది. చాలాసార్లు మోగింది కూడా."

అతను ఇంత అవస్థ ఎందుకు పడ్డారని అడగబోతుంటే ఆవిడే బగ్గీ వైపు చూపించింది.

"మీరు గీత కిందికి తిప్పకుండా వెళ్ళారు. నేను చూస్తూనే ఉన్నాను, పిలిచేలోపే తలుపు చప్పుడైంది. వేడి మీద ఉండగానే తిప్పాను. కొంచెం మొరాయించింది. స్క్రూడ్రైవరు పిడితో నెడితే కదిలింది. సరిగ్గానే ఉందేమో చూడండి."

వంగి చూశాడు. గీత సరిగ్గా కిందికి ఉంది. వేలితో మెల్లగా తిప్పితే పిస్టన్ ఎక్కడా పట్టేయకుండా కదిలింది.

ఆవిణ్ణి లేపే ముందు అతను నేల మీద కూలబడ్డాడు.

"మీకు నిదానం తెలియదని అమ్మాయి అంటుంటుంది. నేను ఒప్పుకోను. ఆ రోజు బండిలో మీ మామయ్యగారి తల నా చేతుల్లోనే ఉంది. దారి పొడుగునా స్పీడ్ బ్రేకర్లు, గుంతలు. ఒక్కచోట కూడా ఆయన తల కదల్లేదు. అంత వేగంలో అలా ఎలా నడిపారో ఇప్పటికీ నాకు అర్థం కాదు."

అతను తలొంచుకున్నాడు. "పై రోడ్డున వెళ్ళాల్సిందండీ. రెండు నిమిషాలు..."

"ఏ రెండు నిమిషాలు?"

చెప్పాడు. నాలుగేళ్ళలో ఎవరికీ చెప్పనిది, భార్యకి కూడా చెప్పనిది, నేల చూస్తూ చెప్పాడు. ఆవిడ మొత్తం విని అతని మొహంలోకి చూసింది.

"డాక్టరు ఆ రోజే చెప్పాడు బాబూ. ఆయనకి పక్షవాతం తెల్లవారుజామున నిద్రలోనే వచ్చిందట. నేను చూసేసరికే ఆలస్యమైపోయింది. మీ రెండు నిమిషాలతో మారేదేమీ లేదు. ఈ మాట మీకెవరూ చెప్పలేదా?"

"లేదండీ."

"నేను చెప్పాల్సింది. మీరేమో మా ఇంటికొస్తే కుర్చీ వేడెక్కేలోపు లేచిపోతారు. ఎప్పుడు చెప్పను?"

అతను కళ్ళు తుడుచుకున్నాడు. నైట్రో అంటిన చెయ్యి తగిలి కళ్ళు ఇంకా మండాయి. ఆవిడ అది చూసి ముందు చేతులు కడుక్కోమంది. తర్వాత రెండు చంకల కింద చేతులేసి, రోగుల్ని లేపినట్టే లేపి, మెట్లెక్కించాడు. మెట్ల సంగతి కూతురికి చెప్పొద్దని ఆవిడ మాట తీసుకుంది. సాయంత్రం భార్య ఇంట్లో అడుగుపెట్టగానే తల్లి మోచేతి మీద నూనె మరక చూసింది. ఆ తర్వాత ఇద్దరికీ కలిపి అరగంట అక్షింతలు పడ్డాయి. జుట్టు ఆరబెట్టే యంత్రం సంగతి కూడా అప్పుడే బయటపడింది.

మిగతా అయిదు ట్యాంకులకి రెండు వారాలు పట్టింది. డ్యూటీ లేని పూటల్లో ఒక్కో ట్యాంకు. ఎత్తు కుర్చీ ఒకటి షెడ్డులోకి వచ్చింది. ఫిజియోథెరపిస్టు సరేనన్నాక ఆవిడ రోజూ ఆ రెండు మెట్లు దిగి ఎక్కడమే వ్యాయామంగా పెట్టుకుంది. థర్మామీటరు ఇప్పుడు ఆవిడ చేతిలో ఉండేది. అయిదో ట్యాంకు తర్వాత అతను సూదిని ఎక్కువ బిగించబోతే, "గోరంత చాలు," అనేది. అతను గోరంతే తిప్పేవాడు. ఆ మధ్యలో చల్లారే అరగంటల్లో మామగారి గురించి మాట్లాడుకున్నారు. ఆయన ఈలవేస్తే అన్ని పాటలూ ఒకే పాటలా ఉండేవని ఆవిడ చెప్పింది. ఆ ఈలని అతను కూడా ఎన్నోసార్లు విన్నాడు, కానీ అవి వేరువేరు పాటలని అతనికి ఏనాడూ తట్టలేదు.

ఆ నెల పోటీకి ముగ్గురూ వెళ్ళారు. ఫైనల్ అరగంట. సైరన్ ఎప్పటిలా మొదటి మలుపులోనే దూసుకుపోబోయి ఒకసారి బగ్గీని బోల్తా కొట్టించాడు. తొందర పోయిందని చెప్పలేం. అయితే ఇంజన్ మాత్రం ఆగలేదు. అరగంటా మెత్తగా, ఒకే శ్రుతిలో పాడింది. పదిమందిలో అయిదోవాడిగా ముగింపు గీత దాటాడు. గీత దాటాక కూడా ఇంజన్ నడుస్తూనే ఉంటే, అతను రిమోటు పట్టుకుని దాన్ని వింటూ నిలబడిపోయాడు. ఆపమని భార్య వచ్చి భుజం తట్టాల్సివచ్చింది.

అందరూ సామాన్లు సర్దుకుంటుండగా అతను ట్యాంకులో కాస్త ఇంధనం పోసి, రిమోటు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు.

"నాకెందుకు బాబూ, పాడైపోతుంది."

"పాడవదండీ. వేలితో మీట మెల్లగా లాగండి. మెల్లగా."

మొదటి మలుపు దాకా ఆవిడ నత్తనడకన నడిపింది. మలుపు తిరిగి పొడుగాటి దారి కనపడేసరికి మీట మొత్తం లాగేసింది. బగ్గీ గాల్లోకి లేచి, గట్టు దాటి, వెల్లకిలా పడింది. చక్రాలు ఆకాశం వైపు గిర్రున తిరిగాయి.

"అంత గట్టిగా వద్దండీ," అన్నాడు అతను పరిగెడుతూనే.

"తొందరగా తిప్పి పెట్టండి బాబూ," అంది ఆవిడ రిమోటు వదలకుండా. "ఇంకో చుట్టు వేస్తాను."