చిటికెన వేలు

మా గిటార్ మాస్టారు పోయారన్న కబురు నాతోపాటు ఆయన దగ్గర నేర్చుకున్న ఉయ్యూరు అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అయ్యో అనుకునే లోపే, ‘ఇదీ ముందు ఆమెకే తెలిసిందన్నమాట’ అని నా మనసు చివుక్కుమంది. చావు కబురు దగ్గర కూడా కుళ్లుకునే మనిషిని నేను. ఆయన గురించి రాయబోతూ ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

భవానీపురంలో ఆయన ఇంటి ముందుగదే మా బడి. నేత కుటుంబంలో పుట్టి, బట్టల కొట్లో పనిచేస్తూనే గిటార్ నేర్చుకున్న మనిషి. నలభై దాటాక నాకు ఆ సరదా పుట్టి ఆదివారాలు వెళ్లేవాణ్ణి. ఆ అమ్మాయి ఉయ్యూరులో స్కూలు టీచరు, బస్సెక్కి వచ్చేది. నా గిటార్ ఆమె గిటార్ కంటే ఖరీదైనది. ఆ గదిలో నాకున్న గొప్ప అదొక్కటే.

పాఠానికి ముందు మాస్టారు మా ఎడమచెయ్యి అందుకుని వేళ్ల కొసలు ఒక్కొక్కటే నొక్కి చూసేవారు. తీగలు నొక్కీ నొక్కీ కాసిన కాయలను బట్టి, వారమంతా ఎంత సాధన చేశామో ఆయనకు తెలిసిపోయేది. “నువ్వు గట్టిదానివే అమ్మాయ్!” అని ఆమెను మెచ్చుకునేవారు. నా వంతు వచ్చేసరికి, “మీరు చిటికెన వేలు దాచుకుంటున్నారండీ, ఆఫీసరు గారూ” అనేవారు. నిజమే, ఆ వేలికి బలం చాలక మిగతా మూడింటితో నెట్టుకొచ్చేవాణ్ణి. కానీ ఆ మాట కంటే ఆమెను నువ్వు అని, నన్ను మీరు అనడమే ఎక్కువ గుచ్చుకునేది. ఆమె ఇంటిమనిషి, నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి.

తప్పు పడినా ఆగకుండా పాట చివరిదాకా ఉరకడం నా అలవాటు. “తెగిన పోగు తెగినచోటే ముడెయ్యాలండీ. పది గజాలు నేసి వెనక్కొస్తే ఏం దొరుకుద్ది?” అని ఆపి, తప్పిన ముక్కనే నెమ్మదిగా ఇరవైసార్లు వాయించమనేవారు. ఆమె పక్కనే కూర్చుని వింటుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక వారం గిటార్ ముట్టనే లేదు. ఆదివారం బయల్దేరే ముందు, మా ఆవిడ మడమలు రుద్దుకునే రాయితో వేళ్ల కొసలు గరుకెక్కేదాకా రుద్దుకున్నాను. మాస్టారు నొక్కి చూసి పాఠం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి బస్సుకని వెళ్లిపోయాక అన్నారు.

“తీగ నొక్కితే గీత పడుద్దండీ. మీకు చుట్టూ అరిగింది. ఏం రాయండీ అది?”

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

“ఆ అమ్మాయంటే మీకు కుళ్లని నాకు తెలుసు. ఉంటే ఉండనియ్యండి. ఆ ఉక్రోషమేదో వేళ్లకి పెట్టండి. రోజూ పది నిమిషాలు చాలు.”

ఆమె ముందు నా పరువు తీయలేదు. అది నేను ఎన్నటికీ మరిచిపోలేను. మర్నాటి నుంచి పొద్దున్నే పది నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టాను.

మాస్టారు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక చూడటానికి వెళ్లాను. మనుషులను పోల్చుకోవడం లేదని ఇంట్లోవాళ్లు ముందే చెప్పారు. పక్కన కూర్చోగానే నా ఎడమచెయ్యి వెతికి పట్టుకున్నారు. మూడు వేళ్లు నొక్కి తలాడించి, నాలుగోదాని దగ్గర ఆగారు.

“చిటికెన వేలు ఇంకా దాచుకుంటున్నావు నువ్వు.”

నువ్వు అన్నారు! ఆ సంతోషం మెట్లు దిగేసరికే పాడైపోయింది. నన్ను ఆమె అనుకుని అన్నారేమో!

ఆయన పోయిన రోజు ఆ అమ్మాయి వాకిట్లో ఏడుస్తూ నిలబడి ఉంది. ఉండబట్టలేక అడిగాను.

“అమ్మా, నీ ఎడమచెయ్యి ఒకసారి చూపిస్తావా?”

“ఇప్పుడెందుకండీ?” అంటూనే చాచింది. చిటికెన వేలి కొస కాయకాసి గట్టిగా ఉంది.

“దీన్ని దాచుకుంటున్నావని మాస్టారు ఎప్పుడైనా అన్నారా?”

“నన్నా? లేదండీ. ఆ మాట మిమ్మల్నే కదా అనేవారు!”

మాస్టారిని పడుకోబెట్టిన చాప ముందు కూలబడి భోరున ఏడ్చాను. చూసినవాళ్లు దుఃఖమనుకున్నారు. అందులో దుఃఖమూ ఉంది.

కాసేపటికి ఆమె వచ్చి పక్కన కూర్చుంది. నా ఎడమచెయ్యి అందుకుని, అచ్చం ఆయనలాగే, ఒక్కో వేలూ నొక్కుతూ వచ్చి చివరిదాని దగ్గర ఆగింది.